పది గజాల గొలుసు

బెల్‌హామ్ హైస్కూల్ ఫుట్‌బాల్ మైదానంలో గొలుసు పట్టేవాళ్లు చప్పట్లు కొట్టకూడదు. అరవకూడదు, గంతులెయ్యకూడదు, మొహంలో సంతోషం కూడా కనిపించనివ్వకూడదు. పైగా వాళ్లు నిలబడేది సొంత జట్టు పక్కన కాదు, మైదానానికి అవతలివైపు, ఆడటానికి వచ్చిన పొరుగూరివాళ్ల మధ్య. తమ పిల్లల్ని ఆ పక్కవాళ్లు నోటికొచ్చినట్టు తిడుతుంటే చెవిటివాళ్లలా నిలబడాలి. జట్టంటే అందరికంటే ఎక్కువ ప్రాణం పెట్టేవాళ్లనే ఏరి మరీ ఈ పనిలో పెట్టడం, అదీ తరతరాలుగా అలాగే జరుగుతూ రావడం ఉమకి మొదట్లో పెద్ద వింతగా తోచింది.

ఈ అమెరికా ఆటే ఒక వింత. పేరుకి ఫుట్‌బాల్ గానీ బంతిని కాలితో తన్నేది తక్కువ, చంకలో ఇరికించుకుని పరిగెత్తేది ఎక్కువ. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే బంతి మన దగ్గరే ఉంటుంది, మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. వెళ్లలేకపోతే బంతి అవతలివాళ్లకి అప్పగించాలి. ఆ పది గజాలు కొలవడానికి రెండు కర్రలు, వాటి మధ్య ఒక ఇనుప గొలుసు. తేడా మరీ సన్నగా ఉన్నప్పుడు గొలుసుని మైదానంలోకి తీసుకొచ్చి లాగి పడతారు. బంతి ముక్కు ముందు కర్రని తాకిందా, తాకలేదా. అంత గోలా అంత బ్యాండూ ఆ క్షణంలో నోరు మూసుకుని గొలుసు వైపు చూస్తాయి.

సోమవారం ఉదయం హార్లన్ ఆ గొలుసునీ కర్రల్నీ తన ట్రక్కులో వేసుకుని ఉమ పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఊళ్లో ఇనుము కరిగించి పోతపోసే ఫౌండ్రీ నడిచినన్నాళ్లూ అందులో పనిచేశాడు, అది మూతపడ్డాక స్కూల్ బస్సు నడిపాడు. పని ఏదైనా, ఆట ఉన్న రోజు ముందు కర్ర మాత్రం ఆయనదే. వెనక కర్ర పట్టే మనిషి ఈ సెప్టెంబర్‌లో ఫ్లోరిడా వెళ్లి స్థిరపడిపోతే, బ్యాండులో కూతురు క్లారినెట్ వాయిస్తుందని ప్రతి ఆటకీ వచ్చి కంచె పట్టుకుని నిలబడే ఉమ ఆయన కంట్లో పడింది. "ఎలాగూ నిలబడే ఉంటున్నావు, కర్ర పట్టుకుని నిలబడకూడదూ?" అన్నాడు. ఉమ కాదనలేకపోయింది. ఇప్పుడు అడిగితే ఆ కర్రని ఎవరికీ ఇవ్వదు కూడా.

"కర్రలకి రంగు వెయ్యాలి. గొలుసుకి తుప్పు దులపాలి. మీ ఫ్యాక్టరీలో సామాను ఉంటుంది కదా," అన్నాడు హార్లన్. "శనివారం శుభ్రంగా కనబడాలి."

శనివారం బెల్‌హామ్ ఆడబోయేది ఆఖరి ఆట. ఊళ్లో పిల్లలు తగ్గిపోయారు. పదకొండు మందిని నిలబెట్టడమే గగనమైపోతోంది. వచ్చే ఏడు స్కూలుని పక్క ఊరు క్రాస్బీ స్కూల్లో కలిపేస్తున్నారు. ఏ క్రాస్బీని ఓడించాలని నూరేళ్లు చెమటోడ్చారో, అదే క్రాస్బీ జట్టులో ఈ పిల్లలు ఆడాలి. ఆఖరి ఆట కూడా దానితోనే. ముసలివాళ్లు చలికి ఇబ్బంది పడకుండా రావాలని రాత్రి దీపాల కింద కాకుండా మధ్యాహ్నం పెట్టారు.

"ఈ గొలుసు మా ఫౌండ్రీలో చేసిందే, తెలుసా?" అన్నాడు హార్లన్, అప్పుడే వెళ్లిపోవడం ఇష్టం లేక ట్రక్కుకి ఆనుకుని. తెలియకేం, ప్రతి ఆటకీ ముందు చెప్తాడు. అయినా ఉమ తెలియనట్టే నిలబడింది. ఆయన చెప్తుంటే వినడం ఆమెకి ఇష్టం.

మొదటి జట్టులో అందరూ ఫౌండ్రీ వాళ్ల పిల్లలే. బడి అయ్యాక ఫౌండ్రీ వెనక బూడిద పోసిన ఖాళీ స్థలంలో ఆడేవాళ్లు. ఇంటికెళ్తే తల్లులు గుమ్మంలోనే ఆపి నీళ్లు పోసి లోపలికి రానిచ్చేవాళ్లట. యుద్ధం రోజుల్లో కోచ్ సైన్యంలోకి వెళ్లిపోతే ఇంగ్లీష్ పాఠాలు చెప్పే టీచరమ్మ ఈల మెడలో వేసుకుని రెండేళ్లు జట్టుని నడిపింది. ఫౌండ్రీలో పెద్ద సమ్మె జరిగిన ఏడాది, సమ్మె చేస్తున్నవాడి కొడుకూ మేనేజర్ కొడుకూ ఒకే వరసలో భుజం భుజం కలిపి నిలబడ్డారు. ఇళ్ల దగ్గర మాటల్లేవు గానీ మైదానంలో ఒకడి మీద దెబ్బ పడకుండా రెండోవాడు అడ్డం వెళ్లేవాడు. ఇవన్నీ హార్లన్ తను చూసినట్టే చెప్తాడు. సగం ఆయన పుట్టకముందువి.

"ఇక డెబ్బై నాలుగు సంగతి నీకు చెప్పక్కర్లేదు," అన్నాడు.

చెప్పక్కర్లేదు. ఆ ఏడాది సంగతి స్కూలు జిమ్ గోడ మీద నిలువెత్తు బొమ్మగా ఉంది. క్రాస్బీతో ఆట. ఆఖరి నిమిషం, నాలుగో ప్రయత్నం. బంతితో పరిగెత్తినవాడు డేల్, అప్పటికి పదిహేడేళ్ల కుర్రాడు, ఇప్పుడు ఇదే జట్టుకి కోచ్. గొలుసు తెచ్చి లాగితే బంతి ముక్కు కర్రని వేలు మందం దాటింది. తర్వాత రెండు ప్రయత్నాల్లో అవతలి చివరి గీత దాటి గెలిచారు, లీగ్ గెలిచారు. బొమ్మలో ముందు కర్ర పట్టుకుని రాయిలా నిలబడ్డ ఇరవయ్యేళ్ల యువకుడు హార్లన్. పక్కనున్న వాళ్లంతా చేతులెత్తి ఎగురుతున్నారు. అతని మొహంలో మాత్రం ఏమీ లేదు.

"నవ్వు రాలేదా ఆ రోజు?" అని అడిగింది ఉమ.

"గొలుసుకి సొంత ఊరు ఉండదమ్మా," అన్నాడు హార్లన్. ట్రక్కు ఎక్కి వెళ్లిపోయాడు.

ఉమ పని కొలతలు చూడటం. కార్ల గేర్‌బాక్సుల్లోకి వెళ్లే చిన్న చిన్న భాగాలు, వెంట్రుకలో పదో వంతు తేడా వచ్చినా పక్కన పడేసే పని. ల్యాబ్‌లోకి వచ్చిన ఏ వస్తువైనా కొలవకుండా బయటికి పంపడం ఆమెకి చేతకాదు. ఇంట్లో కొత్త కర్టెన్ కొన్నా టేపు తీస్తుందని మొగుడు ఫణి ఎగతాళి చేస్తాడు. మంగళవారం లంచ్ టైమ్‌లో గొలుసుని వైరు బ్రష్‌తో రుద్ది, నూనె గుడ్డతో తుడిచి, కర్రలకి నారింజ రంగు పట్టించింది. రంగు ఆరాక, ఊరికే, చెయ్యి ఊరుకోక, ల్యాబ్ నడవలో గొలుసుని పరిచి స్టీల్ టేపు పక్కన పెట్టింది.

మూడంగుళాలు తక్కువ వచ్చింది.

టేపు సరిగ్గా పెట్టలేదనుకుంది. మళ్లీ పెట్టింది. గొలుసు వదులుగా ఉందేమోనని ఒక కొసని బల్లకి బిగించి, రెండో కొసకి తూకపు స్ప్రింగు తగిలించి సమంగా లాగింది. టేపు మార్చింది. ఎన్ని మార్చినా ఆ మూడంగుళాలు అక్కడే కూర్చున్నాయి. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని గొలుసు కడియాలన్నీ ఒక్కొక్కటిగా వేళ్లతో తడుముతూ వెళ్లింది. మధ్యకి కొంచెం ఇవతల ఒక చోట అతుకు వేరే చేతిది. ఎప్పుడో తెగితే, పాడైన కడియాలు తీసేసి మిగిలిన రెండు కొసల్నీ కలిపేశారు. ఎప్పుడన్నది ఆ అతుకు చెప్పదు. దాని మీద కూడా మిగతా గొలుసంత పాత తుప్పే ఉంది.

జిమ్ గోడ మీది బొమ్మ ఆమె కళ్ల ముందుకొచ్చింది. వేలు మందం.

"సో వాట్?" అన్నాడు ఫణి రాత్రి అన్నాల దగ్గర. అతను ఇంట్లో కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఈ ఊరికి వచ్చింది ఉమ ఉద్యోగం కోసం. "రెండు టీమ్స్‌కీ అదే గొలుసు కదా. ఇద్దరికీ షార్టే. ఫెయిరే కదా మరి."

"డెబ్బై నాలుగులో క్రాస్బీకి ఫెయిర్ అయిందా? వేలు మందం ఫణీ. మూడంగుళాల ముందు వేలు మందం ఎంత?"

"అది అప్పుడే షార్ట్ అయిందని ఎవడు చెప్పాడు నీకు?"

"కాలేదని ఎవరు చెప్తారు?"

"అందుకే వదిలెయ్. కందకి లేని దురద కత్తిపీటకెందుకు? శనివారంతో ఆ గొలుసే ఉండదు. రంగు వేశావు, ఇచ్చెయ్యి."

కూతురు అనిక తినడం ఆపేసింది. పదో క్లాసు పిల్ల. హార్లన్ మనవడు బ్రెట్ ఆమె క్లాసే, జట్టులో బంతి పట్టుకుని పరిగెత్తేది వాడే. "అమ్మా, ప్లీజ్ డోంట్," అంది. "బ్రెట్ వాళ్ల గ్రాండ్‌పా అంటే అందరికీ... యు నో. ఆ బొమ్మ ముందు మేము ఫొటోస్ తీసుకుంటాం. నువ్వు వెళ్లి అది రాంగ్ అని చెప్తే, హౌ విల్ ఇట్ లుక్? మనం ఒక్కళ్లమే ఇండియన్స్ ఇక్కడ."

"నేను ఊరంతా చెప్పడం లేదు. ఆయనకొక్కడికే."

"ఆయనకి చెప్పడమే వరస్ట్," అంది అనిక.

ఆ మాటే నిజమని ఉమకి తెలుసు. చెప్పకుండా బాగుచేసేద్దామా అని కూడా అనుకుంది. ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఒక్క మాట చెప్తే సరిపోయే కడియాలు అతికించేవాళ్లు, పైన రంగు పూస్తే ఎవరి కంటా పడేది కాదు. కానీ ఆ మనిషి గొలుసుని ఆయనకి చెప్పకుండా ముట్టుకోవడం దొంగతనం కంటే హీనంగా తోచింది. చెప్పకుండా అలాగే శనివారం పట్టుకుని నిలబడటమా, అది ఆమె చేతుల వల్ల కాదు. తప్పని తెలిశాక ఆ కొలతతో ఆమె ఏ వస్తువునీ ఫ్యాక్టరీ దాటనివ్వలేదు. ఆఖరి ఆటలో ఏ పిల్లవాడి కష్టమైనా ఆ మూడంగుళాల మీద తేలితే, ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరి మొహం చూస్తుంది?

బుధవారం సాయంత్రం పని నుంచి నేరుగా హార్లన్ ఇంటికి వెళ్లింది. ఆయన వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని బూట్లకి మైనం రాస్తున్నాడు. కర్రల రంగు చూసి సంతోషపడ్డాడు.

"హార్లన్, గొలుసు మూడంగుళాలు తక్కువుంది," అంది ఉమ. మాటలు కూడగట్టుకుని వచ్చింది గానీ నోటికి ఇంతే వచ్చింది.

ఆయన బ్రష్ ఆపాడు. "చలికి ఇనుము ముడుచుకుంటుంది."

"ఈ చలికి బియ్యపు గింజ మందం ముడుచుకుంటుందేమో. అంతే."

"కొలువు," అన్నాడు.

కారు నిలిపే సిమెంటు నేల మీద ఇద్దరూ గొలుసు పరిచారు. ఉమ టేపు పరిచింది. ఆయన ముందు కొస పట్టుకుని, యాభై ఏళ్లుగా ఎలా లాగుతున్నాడో అలాగే, భుజం నుంచి కాకుండా నడుము నుంచి లాగాడు. టేపు మీద అంకె చూడటానికి మోకాళ్ల మీదికి దిగాడు. చాలాసేపు లేవలేదు. ఉమ అతుకు ఉన్న చోటు చూపించింది. ఆయన బొటనవేలితో దాన్ని రుద్దాడు, తుడిస్తే పోతుందేమో అన్నట్టు.

"ఎప్పుడిది?"

"తెలీదు. తెలుసుకునే దారి లేదు."

ఆయన తలెత్తి ఆమెని చూశాడు. కోపంతో చూసి ఉంటే ఉమకి బాగుండేది. కోపం లేదు. ఇంట్లో ఏదో పోయినట్టు వెతుకుతున్న చూపు అది. "సరే," అన్నాడు. "గొలుసు ఇక్కడ వదిలేసి వెళ్లు."

అంతే. థ్యాంక్స్ లేదు, కూర్చోమనడం లేదు. ఉమ వెళ్లి కారులో కూర్చుంది. కొరివితో తల గోక్కున్నాననుకుంది. గోక్కున్నది తన తల కూడా కాదు, ఆయనది.

ఆటకి రెండు రోజుల ముందు ఫోన్ చేసి వాతావరణం చెప్పడం హార్లన్ అలవాటు. "నేల తడిగా ఉంటుంది, రెండు జతల సాక్సు," అంటాడు. ఎండ కాసినా సరే, రెండు జతల సాక్సు. ఆ గురువారం ఫోన్ రాలేదు. శుక్రవారమూ రాలేదు. గొలుసు పట్టే మిగతా ఇద్దరిలో ఒకాయన కిరాణా కొట్లో కనబడి మామూలుగా పలకరించాడు. ఆ పలకరింపులో ఏదైనా దాస్తున్నాడేమోనని ఉమ పాల డబ్బా చేత్తో పట్టుకుని ఆలోచిస్తూ నిలబడిపోయింది. వెనక కర్రకి హార్లన్ వేరే మనిషిని చూసుకుని ఉంటాడు. చూసుకున్నా తప్పులేదు.

"నేను చెప్పానా?" అన్నాడు ఫణి. తర్వాత ఆమె మొహం చూసి వెళ్లి టీ పెట్టుకొచ్చాడు.

శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది.

"రెండు జతల సాక్సు," అన్నాడు హార్లన్. పెట్టేశాడు.

మైదానం నిండిపోయింది. బెల్‌హామ్‌లో అంతమంది ఉన్నారని కూడా ఉమకి తెలీదు. వేరే రాష్ట్రాలకి వెళ్లిపోయినవాళ్లు పాత స్కూలు జాకెట్లు బిగుతైపోయినా బొత్తాలు వదిలేసి వేసుకొచ్చారు. చక్రాల కుర్చీల్లో వచ్చినవాళ్లని కంచె పక్కనే వరసగా కూర్చోబెట్టారు. అనిక బ్యాండుతో కలిసి వచ్చింది, తల్లి వైపు చూసి, చూడనట్టు నోట్లో క్లారినెట్ పెట్టుకుంది.

హార్లన్ మైదానం అవతలి అంచున గొలుసుతో ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఉమ దగ్గరికి రాగానే నారింజ రంగు చేతుల్లేని జాకెట్టు ఆమెకి అందించి, "కొలువు," అన్నాడు.

గొలుసు మధ్యలో కొత్త కడియాలు ఉన్నాయి. ముదురు రంగు పాత ఇనుములో అవి ఎండకి తెల్లగా మెరుస్తున్నాయి. పాత అతుకు లేదు.

"మా ఉయ్యాల గొలుసులోవి," అన్నాడు. "ఎలాగూ అది ఒకవైపు కిందికి వేలాడుతుండేది. ఇప్పుడు రెండో వైపుకి వాలింది."

ఉమ టేపు తీసింది. గడ్డి మీద గొలుసు పరిచి, ఆయన లాగి పట్టుకోగా చూసింది. పది గజాలు. సూది మొన వెయ్యడానికి సందు లేదు. ఆమెకి కళ్లు చెమర్చాయి. అలాంటి చోట గొలుసు మనిషి కళ్లు చెమర్చడం కూడా నిషేధమేనేమో అని తల దించుకుంది.

"సరిగ్గా ఉంది," అంది.

"ఉంటుంది మరి. నాలుగుసార్లు విప్పి కట్టాను," అన్నాడు హార్లన్, మొదటిసారి కొంచెం గర్వంగా.

ఆట మొదలైంది. క్రాస్బీ జట్టులో బదులు దిగడానికి బల్ల మీద కూర్చున్న పిల్లలే బెల్‌హామ్ మొత్తం జట్టుకంటే ఎక్కువ. బెల్‌హామ్ పిల్లలు బంతి తమదైనా అవతలివాళ్లదైనా మైదానం విడవకుండా ఆడుతున్నారు. ఊపిరి పీల్చుకోవడానికి పక్కకి వెళ్తే బదులు దిగేవాడు లేడు. వాళ్లు పడుతున్నారు, లేస్తున్నారు, ఒకడి చెయ్యి ఒకడు పట్టుకుని లాగి నిలబెడుతున్నారు. ఉమ చుట్టూ క్రాస్బీవాళ్లు మొదట్లో నవ్వారు. సగం ఆట అయ్యేసరికి ఆ నవ్వు పోయింది. "మొండి పిల్లలు వీళ్లు," అని ఎవరో వెనక నుంచి అంటే, ఉమకి గర్వంతో కేక గొంతు దాకా వచ్చింది. మింగేసింది. నలుగురూ కర్రలు ఎత్తుకోవడం, ముందుకి నడవడం, ఆగడం. ఆమె పని ఆమె చేసింది.

ఆఖరి నిమిషానికి బెల్‌హామ్ నాలుగు పాయింట్లు వెనక ఉంది. బంతి వాళ్ల చేతుల్లో, క్రాస్బీ గీతకి దగ్గర్లో ఉంది. నాలుగో ప్రయత్నం. ఇది దాటితే ఇంకో నాలుగు దొరుకుతాయి, దాటకపోతే అయిపోయినట్టే. కోచ్ డేల్ దాపరికమేమీ లేకుండా బంతి బ్రెట్ చేతికే ఇప్పించాడు. ఊళ్లో ప్రతివాడికీ తెలుసు బ్రెట్‌కే ఇస్తాడని, క్రాస్బీవాళ్లకీ తెలుసు. ముగ్గురు వాడి మీద పడ్డారు. వాడు వాళ్లని మోసుకుంటూ పోయాడు. కాళ్లు ఆడుతూనే ఉన్నాయి, కింద పడుతూ కూడా ఆడుతూనే ఉన్నాయి.

రిఫరీ కుప్పలోంచి పిల్లల్ని ఒక్కొక్కణ్నీ లేపి బంతిని చూశాడు. గొలుసు వైపు చెయ్యి ఊపాడు.

మైదానమంతా నిశ్శబ్దం. నలుగురూ గొలుసు పట్టుకుని లోపలికి నడిచారు. ఉమ వెనక కర్ర ఆనించి నిలబడింది. మూడో మనిషి గొలుసుకి పెట్టిన గుర్తుని తెల్ల గీత మీద నొక్కిపట్టాడు. హార్లన్ ముందు కర్ర తీసుకుని బంతి దగ్గరికి వెళ్లాడు. బ్రెట్ అక్కడే మోకాళ్ల మీద ఉన్నాడు, హెల్మెట్ తీసేసి, తాత మొహంలోకి చూస్తూ. హార్లన్ వాణ్ని చూడలేదు. నడుము నుంచి గొలుసు లాగాడు. కొత్త కడియాలు గడ్డి మీంచి పైకి లేచి మెరిశాయి.

రిఫరీ వంగాడు. లేచి, రెండు చేతుల మధ్య ఖాళీ చూపించాడు. రెండు వేళ్ల వెడల్పు. అందలేదు.

పాత గొలుసైతే అందేది. ఆ సంగతి మైదానంలో ఇద్దరికే తెలుసు. ఉమ కర్రని రెండు చేతులతో పట్టుకుంది. తన టేపు, తన పాడు అలవాటు, ఆ మనిషి మనవడి ఆఖరి పరుగుని మింగేశాయి. ఆమె హార్లన్ వైపు చూసింది. జిమ్ గోడ మీది మొహమే. ఏమీ లేదు అందులో. కర్ర పట్టుకున్న వేళ్ల కణుపులు మాత్రం తెల్లగా పాలిపోయాయి.

క్రాస్బీవాళ్లు బంతి తీసుకుని గడియారం అయిపోనిచ్చారు. ఉమ చుట్టూ కేకలు, ఈలలు, టోపీలు గాల్లోకి. ఆ సంబరం మధ్య గొలుసువాళ్లు నలుగురూ పరాయి పెళ్లికి వచ్చినవాళ్లలా గొలుసు చుట్టుకుంటూ నిలబడ్డారు.

కోచ్ డేల్ మైదానం దాటి వచ్చి క్రాస్బీ కోచ్‌తో చెయ్యి కలిపాడు. ఆవిడ నడివయసు మనిషి, గెలిచినందుకు ఎగరకుండా ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత డేల్ గొలుసు దగ్గరికి వచ్చాడు.

"ఈ కొత్త కడియాలేంటి హార్లన్?"

"నేనే—" అని ఉమ నోరు తెరిచింది.

"నేను వేశాను," అన్నాడు హార్లన్. "గొలుసు పొట్టిగా ఉండింది. ఈమె కొలిచి పట్టుకుంది. నేను సరిచేశాను."

"ఎంత పొట్టి?"

హార్లన్ వేళ్లతో చూపించాడు. డేల్ ఆ వేళ్ల మధ్య సందు చూశాడు, బ్రెట్ బంతి ఆగిన చోటు చూశాడు.

"ఎప్పటినుంచి?"

"తెలీదు. నీ రోజుకీ అలాగే ఉండి ఉండొచ్చు. ఉండకపోయీ ఉండొచ్చు. ఉందనే అనుకుంటున్నాను."

యాభై ఏళ్లుగా ఊరంతా ఆ వేలు మందానికి డేల్ భుజం తట్టింది. ఇప్పుడు ఈయన తన వైపు తిరిగి ఏ మాటన్నా ఆమె పడటానికి సిద్ధంగా ఉంది.

డేల్ చేతి వెనకభాగంతో ముక్కు తుడుచుకున్నాడు. "ఓరి నీ," అన్నాడు. "ఆ వేలు మందానికి యాభై ఏళ్లుగా నీకు కాఫీ కొనిస్తున్నాను కదయ్యా నేను!"

నవ్వు ముందు హార్లన్‌కే వచ్చింది. ముసలివాళ్లిద్దరూ ఓడిపోయిన మైదానంలో ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు, నవ్వి కళ్లు తుడుచుకున్నారు. డేల్ ఉమ వైపు తిరిగాడు. "ఇంకా ముందే రావాల్సింది మా ఊరికి నువ్వు," అన్నాడు. ఉమ గొలుసు కొస నలుపుతూ నిలబడింది.

అవతల జనం మైదానంలోకి దిగారు. గురుతుగా ఉంటుందని కొందరు గడ్డి పెళ్లలు పెకలించుకుంటున్నారు. గొలుసుని కూడా జిమ్‌లో బొమ్మ పక్కన అద్దాల పెట్టెలో పెడదామని ఎవరో వచ్చి అడిగారు. హార్లన్ తల అడ్డంగా ఊపాడు. చుట్టిన గొలుసునీ కర్రల్నీ ఎత్తుకుని నేరుగా క్రాస్బీ కోచ్ దగ్గరికి నడిచాడు.

"ఇన్నాళ్లూ ఇది మీకు మూడంగుళాలు తప్పు చెప్పింది," అన్నాడు. "ఇప్పుడు సరిగ్గా ఉంది. వచ్చే ఏడు మా పిల్లలూ మీ పిల్లలూ కలిసే ఆడతారు. తప్పు గొలుసు ఇవ్వలేను కదా, అందుకే బాగుచేసి తెచ్చాను. తీసుకోండి."

ఆవిడ గొలుసుని చేతుల్లోకి తీసుకుంది. కొత్త కడియాల మీద వేలు పెట్టి చూసింది. "దీన్ని పట్టేవాళ్లో?" అంది.

"ముందు కర్రకి ఈమె," అన్నాడు హార్లన్, ఉమని చూపించి. "నవ్వదు, ఏడవదు. కొలవకుండా దేన్నీ నమ్మదు."

క్రాస్బీ కోచ్ ఉమ వైపు చెయ్యి చాచింది. ఉమ ఆ చెయ్యి పట్టుకుంది. కంచె దగ్గర అనిక, ఫణి నిలబడి చూస్తున్నారు. అనిక క్లారినెట్‌ని గుండెకి హత్తుకుని ఉంది, తల్లి చూడగానే ఈసారి చూపు తిప్పుకోలేదు.

మైదానం మధ్యలో బ్రెట్ ఇంకా కూర్చునే ఉన్నాడు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని. హార్లన్ వాణ్ని చూశాడు. తర్వాత తన నారింజ జాకెట్టు పట్టీలు ఒక్కొక్కటిగా ఊడదీశాడు. దాన్ని తల మీంచి తీసి, మడిచి, గడ్డి మీద పెట్టాడు. నడుము నిటారు చేసుకుని నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు.

"బ్రెట్!" అని అరిచాడు. "ఏం పరుగురా అది! భలే పరుగురా!"

పక్కన గొలుసు పట్టిన ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. గడ్డి పెళ్లలు పట్టుకుని వెళ్తున్నవాళ్లు ఆగి వెనక్కి తిరిగారు. ఇన్నేళ్లలో ఆ మైదానంలో ఆ గొంతు ఎవరూ వినలేదు. బ్రెట్ లేచి నిలబడ్డాడు. హార్లన్ మళ్లీ అరిచాడు, ఈసారి జట్టులో ఒక్కొక్కడి పేరూ పట్టి, గొంతు బొంగురుపోతున్నా ఆపకుండా. ఉమ కూడా తన జాకెట్టు విప్పేసింది. సెప్టెంబర్ నుంచి మింగినవన్నీ ఉన్నాయి ఆమె దగ్గర. ఆయన పక్కన నిలబడి, తెలుగులో కొన్ని, ఇంగ్లీషులో కొన్ని, ఆమె కూడా అరవడం మొదలుపెట్టింది.